నిమ్మ, మామిడి, సర్కారు తుమ్మ చెక్కలతో బహుమతి గిన్నెలు లేత్ పట్టే విధానం

మాఘమాసంలో జరిగే పెళ్ళికి చేతితో చేసిన చెక్క గిన్నెను కానుకగా ఇవ్వదలచినవారు ఆషాఢంలోనే దుంగ సంపాదించుకోవాలి. చేయి తిరిగినవారికి లేత్ (చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద ఒక గిన్నె తీయడానికి రెండు మూడు గంటలు చాలు. పచ్చి చెక్క ఆరడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ముహూర్తం దగ్గరపడిందని పచ్చి చెక్కనే పలుచగా తీసి, నూనె రాసి, రంగు కాగితంలో చుట్టి ఇస్తే, ఇచ్చిన రోజున అందంగానే ఉంటుంది కానీ, నెల తిరగకముందే అది కోలగా వంగిపోతుంది, లేదా అంచు నుంచి అడుగు దాకా చీలుతుంది. అందువల్ల గిన్నెల పనిలో మొదట నేర్చుకోవలసింది ఉలి పట్టడం కాదు, వేడుక తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఏ నెలలో దుంగ కోయాలో తేల్చుకోవడం. ఈ మార్గదర్శిలో చెక్క ఎంపికకూ ఆరబెట్టడానికీ ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం అదే.

వివరించడానికి వీలుగా ఎనిమిది అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల లోతు ఉన్న ఒక గిన్నెను లెక్కలోకి తీసుకుంటున్నాను. పళ్ళు పెట్టుకోవడానికి, ఎండుఫలాలు వడ్డించడానికి, తాంబూలం అందించడానికి ఆ కొలత సరిపోతుంది. మొదటిసారి చేసేవారు ఆరు అంగుళాలతో మొదలుపెట్టడం మంచిది.

ఏ చెక్క తీసుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నవారు గిన్నెల కోసం టేకు కొనవలసిన అవసరం లేదు. పొదలకూరు, సైదాపురం, రాపూరు వైపు నిమ్మతోటలు ముదిరి కాపు తగ్గినప్పుడు రైతులు ఆ చెట్లు తీసేసి కొత్త మొక్కలు నాటుతారు. అప్పుడు కొట్టిన మొదళ్ళలో చాలా భాగం వంటచెరకుగా పోతుంది. నిమ్మ చెక్క లేత పసుపు రంగులో, బరువుగా, చాలా సన్నని నారతో ఉంటుంది, సన్నటి అంచును కూడా విరగకుండా నిలుపుకుంటుంది. బత్తాయి చెక్క గుణం కూడా ఇంచుమించు ఇదే. ఈ రెండింటికీ ఉన్న పెద్ద లోపం, కోసిన రోజునే చివరలకు మైనం పూసి మూయకపోతే మర్నాటికే సన్న పగుళ్ళు కనిపిస్తాయి. పైగా మొదళ్ళు లావుగా ఉండవు కాబట్టి నాలుగైదు అంగుళాల చిన్న గిన్నెలకూ, కుంకుమ భరిణెలకూ మాత్రమే నిమ్మను ఎంచుకోవాలి.

ఎనిమిది అంగుళాల గిన్నెకు మామిడి సులువైన చెక్క. కోత మిల్లుల్లో లావుపాటి దుంగలు దొరుకుతాయి, ఉలికి మెత్తగా తెగుతుంది, కొన్ని దుంగల్లో గోధుమ, బూడిద రంగు చారలు కలిసి చూడముచ్చటగా ఉంటాయి. కానీ మామిడికి పురుగు త్వరగా పడుతుంది కాబట్టి దుంగను వానలో వదిలేయకూడదు. నిద్రగన్నేరు కూడా వెడల్పుగా దొరుకుతుంది, లేత్ మీద సులువుగా తెగుతుంది, అయితే దాని దుమ్ము ముక్కును, గొంతును మండిస్తుంది. వేప గట్టిదే, రంగూ బాగుంటుంది, కానీ దాని నార ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండటం వల్ల నునుపు రావడానికి శ్రమపడాలి. వాసనా చేదూ చాలాకాలం నిలుస్తాయి కాబట్టి తినుబండారాలకు వేప గిన్నె ఇవ్వకపోవడమే మేలు. చింతచేవ అందమైనదే గానీ ఉలిని ఊరికే మొద్దుబారుస్తుంది. సరుగుడు కోస్తా ఊళ్ళలో ఎంత చవకగా దొరికినా గిన్నెకు పనికిరాదు, అది ఆరేటప్పుడు చీలకుండా ఉండటం అరుదు.

నా ఎంపిక మాత్రం సర్కారు తుమ్మ. చెరువు కట్టల మీద, బీళ్ళలో, రోడ్ల పక్కన కమ్ముకుపోయి, బొగ్గు బట్టీలకు తప్ప దేనికీ కొరగాదని అందరూ అనుకునే ఈ చెట్టు చేవ ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఇది ఆరేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుపోతుంది. చాలా చెక్కలు నారకు అడ్డంగా కుంచించుకునేటప్పుడు వలయాల వెంబడి ఎక్కువగా, గుండె వైపు దాదాపు అందులో సగంగా తగ్గుతాయి, ఈ తేడా వల్లనే గిన్నె వంగుతుంది. సర్కారు తుమ్మలో ఆ తేడా స్వల్పం కాబట్టి గిన్నె ఆకారం నిలుస్తుంది. చెక్క గట్టిది, వంకర దుంగలు ఎక్కువ, లావైన మొదలు దొరకడానికి కొంచెం తిరగాలి, ముళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. అయినా పశువుల కాపరులు, రైతులు అందరూ వదిలించుకోవాలని చూసే చెట్టు నుంచి పెళ్ళికానుక తీయగలగడం ఈ పనిలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

కొన్నింటిని ఎంత మాత్రమూ ముట్టుకోకూడదు. వెలిగొండల్లో, ఉదయగిరి, రాపూరు అడవుల్లో పెరిగే ఎర్రచందనం చట్టరక్షణలో ఉన్న చెట్టు. తునకైనా సరే, అనుమతి పత్రాలు లేకుండా కొనడం, దాచడం, రవాణా చేయడం నేరం. ఎవరో ఇచ్చారని చిన్న ముక్కను కూడా లేత్ మీదికి ఎక్కించవద్దు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు కాబట్టి వాటి చెక్కతో గిన్నెలు చేయకూడదు. పాత తలుపులు, ద్వారబంధాల మీది రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి రంగు వేసిన చెక్క కూడా వద్దు. ఇంటి ముందున్న చెట్టునైనా కొట్టించే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో అటవీశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. గాలివానకు పడిన చెట్టయితే యజమానిని అడిగి తీసుకోవచ్చు.

దుంగను సిద్ధం చేయడం

దుంగ నడిమధ్యన వేలెడంత కూడా లేని బెండు ఉంటుంది. పగుళ్ళు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి కాబట్టి గిన్నెలోకి ఆ బెండు రాకూడదు. గిన్నె వెడల్పు కంటే రెండు అంగుళాలు ఎక్కువ పొడవు వచ్చేలా దుంగను అడ్డంగా కోసి, ఆ ముక్కను బెండు మీదుగా నిలువునా రెండుగా చీల్చాలి. కోత మిల్లులో చెబితే ఇది క్షణాల పని. చీల్చిన తలం మీద బెండు ఆనుకుని ఉన్న అరంగుళం, ముప్పావు అంగుళం మందాన్ని కూడా తీసేయించాలి. మిగిలిన సమతలం గిన్నె మూతి అవుతుంది, బెరడు వైపు అడుగు అవుతుంది.

ఆ సమతలం మీద కంపాసుతో ఎనిమిదిన్నర అంగుళాల వృత్తం గీసి, మూలలను రంపంతోనో బాడిసతోనో కొట్టివేయాలి. అచ్చమైన గుండ్రం రాకపోయినా నష్టం లేదు, బరువు ఒక వైపుకు ఒరగకుండా ఉంటే చాలు. ఆ రోజే లేత్ ఎక్కించడం వీలుకాకపోతే, నార తెగి కనిపించే రెండు అడ్డకోత ముఖాలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం గానీ చిక్కటి ఫెవికాల్ గానీ దట్టంగా పూయాలి. చెక్కలోని తేమ పక్కల నుంచి వెళ్ళేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా ఈ ముఖాల నుంచి వెళ్తుంది. చివర ఎండి, లోపల పచ్చిగా ఉన్నప్పుడే చీలిక పుడుతుంది.

లేత్, ఉలులు

మన ఊళ్ళలోని వడ్రంగి షెడ్లలో ఉండే లేత్‌లు చాలావరకు మంచం కోళ్ళు, మెట్ల కటకటాలు తీయడానికి కట్టినవి. వాటిలో చెక్కను రెండు మొనల మధ్య పట్టిస్తారు. గిన్నె లోపల తొలచాలంటే ఒక వైపు పూర్తిగా తెరిచి ఉండాలి కాబట్టి, తిరిగే ఇరుసు చివర మర ఉండి, దానికి ఫేస్ ప్లేటు (చెక్కను మరమేకులతో బిగించే లోహపు పళ్ళెం), నాలుగు దవడల చక్ (చెక్కను దవడలతో పట్టుకునే పట్టు) బిగించే వీలున్న లేత్ కావాలి. చక్ కొనే ముందు ఇరుసు మర కొలత చూసుకోవాలి, అవి రెండూ కలవకపోతే చక్ పనికిరాదు. ఎనిమిది అంగుళాల గిన్నెకు ఇరుసు నుంచి లేత్ కింది దిమ్మె (బెడ్) వరకు కనీసం ఐదు అంగుళాల ఎడం, ముప్పావు హెచ్.పి. మోటారు, వేగం తగ్గించుకునే ఏర్పాటు ఉండాలి.

ఉలులు మూడు చాలు. మొదటిది లోతైన గాడి ఉన్న గుండ్రటి ఉలి, దుకాణంలో బౌల్ గౌజ్ అని అడగాలి, అరంగుళం కడ్డీది తీసుకోవాలి. రెండోది గరుకును గీకి తీసే గుండ్రటి ముక్కు స్క్రేపర్. మూడోది సన్నటి గాడి కోసే పార్టింగ్ ఉలి. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) ఉక్కువే కొనాలి, మామూలు ఉక్కు ఉలులు సర్కారు తుమ్మ ముందు నిలవవు. సాన పట్టే యంత్రానికి తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ రాయి ఉంటే ఉక్కు తక్కువగా వేడెక్కుతుంది. గౌజ్ ముక్కును 50 డిగ్రీల దగ్గర పదును పెట్టుకుంటే గిన్నె బయటికీ లోపలికీ పనిచేస్తుంది. కొత్తవారు గమనించవలసిన విషయం ఏమిటంటే, గిన్నె పూర్తయ్యేలోపు అనేకసార్లు లేచి సాన దగ్గరికి వెళ్ళవలసి ఉంటుంది. గట్టి చెక్క మీద పది నిమిషాలకే పదును తగ్గవచ్చు. ఉలిని చెక్కలోకి తోయవలసి వస్తోందంటే పదును పోయిందనే అర్థం.

ఒంటికి హాని లేకుండా

ముఖమంతా కప్పే పారదర్శకమైన కవచం లేకుండా స్విచ్ వేయకూడదు. మామూలు కళ్ళజోడు సరిపోదు. ఎగిరే ముక్క కళ్ళకే తగలాలని లేదు. చీర కొంగు, చున్నీ, పంచె, మెడలో తువ్వాలు, పొడుగు చేతుల వదులు చొక్కా, చేతికి కట్టిన తాడు, ఉంగరం, చేతి తొడుగులు, వీటిలో ఏదీ తిరిగే చెక్క దగ్గరికి రాకూడదు. జుట్టు ముడి వేసుకోవాలి. స్విచ్ వేసే క్షణంలో గిన్నెకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి, వదులుగా ఉన్న చెక్క మొదట ఎగిరేది ఎదుటికే. దవడలు బిగించే చక్ కీని చక్‌లోనే మరచిపోకుండా తీసి కనిపించే చోట పెట్టాలి. పని మధ్యలో కరెంటు పోతే వెంటనే స్విచ్ కట్టేయాలి, మరచిపోతే కరెంటు వచ్చినప్పుడు లేత్ దానంతటదే తిరుగుతుంది. దుమ్ము కోసం ఎన్95 మాస్కు తప్పనిసరి.

మొదటి విడత: పచ్చిగా ముతక రూపం తీయడం

సమతలం మధ్యలో ఫేస్ ప్లేటును పెట్టి, చెక్కలోకి కనీసం ఒక అంగుళం దిగే గట్టి మరమేకులు ఆరింటితో బిగించాలి. పలకలు బిగించే నల్లటి సన్న మరమేకులు వాడకూడదు, అవి మెడ దగ్గర పుటుక్కున తెగుతాయి. ఇరుసుకు ఎక్కించాక రెండో వైపు నుంచి టెయిల్ స్టాక్ (లేత్ రెండో చివర ఆసరా ఇచ్చే భాగం) మొనను తెచ్చి ఆనించాలి. చేత్తో ఒక చుట్టు తిప్పి, చెక్క ఎక్కడా టూల్ రెస్ట్‌కు (ఉలిని ఆనించే కమ్మీకి) తగలడం లేదని చూసుకున్న తరువాతనే మోటారు వేయాలి.

వేగానికి ఒక లెక్క ఉంది. అంగుళాల్లో వెడల్పును నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. ఎనిమిది అంగుళాల గిన్నెకు 750 నుంచి 1100 చుట్లు. అయితే అది గుండ్రం తేలిన తరువాతి వేగం. మూలలు ఇంకా ఉన్న ముక్కను 400, 450 దగ్గర మొదలుపెట్టి, లేత్ వణకడం ఆగిన కొద్దీ పెంచాలి.

గిన్నె బయటి వైపు ఎప్పుడూ అడుగు నుంచి మూతి వైపుకు, అంటే చిన్న వృత్తం నుంచి పెద్ద వృత్తానికి ఉలి నడపాలి. లోపలి వైపు మూతి నుంచి మధ్యకు నడపాలి. ఈ దిశల్లో కోసినప్పుడు తెగే ప్రతి నారకు కింద మరో నార ఆసరాగా ఉంటుంది. ఎదురు దిశలో కోస్తే ఆసరా లేని నార చిందరవందరగా లేచిపోతుంది.

ఉలి పట్టే పద్ధతిని కాస్త దగ్గరగా చూద్దాం. గౌజ్ కడ్డీని ముందు టూల్ రెస్ట్ మీద ఆనించాలి, పిడిని కుడి తొడకు ఆనించి కిందికి పెట్టాలి. గాడిని పైకి కాకుండా కోత నడిచే వైపుకు ఒరగనివ్వాలి. తిరుగుతున్న చెక్కకు మొదట తగలవలసింది పదును కాదు, పదును వెనుక ఉన్న ఏటవాలు తలం. ఆ తలం చెక్క మీద రాసుకుంటున్నప్పుడు ఏమీ తెగదు, చిన్న గరగర మాత్రమే వినిపిస్తుంది. అప్పుడు పిడిని కొద్దికొద్దిగా పైకెత్తితే పదును చెక్కను అందుకుని, తడి పొట్టు గాడిలోంచి పొడుగాటి పట్టీలుగా చేతి మీదుగా దూకుతుంది. ఏటవాలు ఆనకుండా పదునును నేరుగా పెడితే చెక్క ఉలిని లాక్కుంటుంది, టప్పున శబ్దం వచ్చి గాడి పడుతుంది. ఉలిని చేతులతో తోయకూడదు, శరీరాన్నంతా కాళ్ళ మీద ఒక వైపు నుంచి మరో వైపుకు నెమ్మదిగా వాల్చితే ఉలి దానితో కలిసి కదులుతుంది.

బయటి వంపు వచ్చాక అడుగున చక్ దవడలు పట్టుకోవడానికి గుండ్రటి బొడిపె తీయాలి. 50 మి.మీ. దవడలయితే పచ్చిలో దాని వెడల్పు 65 మి.మీ., ఎత్తు 7 మి.మీ. ఉంచాలి, ఆరాక కుంచించుకుని, సరిచేసేసరికి 55 మి.మీ. దగ్గర నిలుస్తుంది. బొడిపె చివర చక్ లోపలి అడుగుకు తగలకూడదు, బొడిపె మొదట్లో ఉన్న మెట్టు మాత్రం దవడల పైభాగం మీద చుట్టూ సమంగా ఆనాలి. గిన్నె ఊగకుండా నిలిచేది ఆ మెట్టు బలంతోనే. బిగించి వేలితో తడిమితే ఎక్కడైనా సందు తగులుతుంటే, విప్పి మళ్ళీ తీయాల్సిందే.

ఇప్పుడు ఫేస్ ప్లేటు విప్పి, గిన్నెను తిప్పి, బొడిపెను చక్‌లో బిగించి లోపల తొలవాలి. పచ్చి గిన్నె గోడ మందం వెడల్పులో పదో వంతు ఉండాలి, అంటే ఎనిమిది అంగుళాలకు 20 మి.మీ. అంతకంటే పలుచనయితే ఆరాక కోలగా మారిన గిన్నెలో గుండ్రం తీయడానికి చెక్క మిగలదు, మందమయితే పగుళ్ళు పడతాయి. గోడలూ అడుగూ ఒకే మందంగా ఉండటం ఈ విడతలో నునుపు కంటే ముఖ్యం, ఎందుకంటే మందం మారిన చోటనే చెక్క అసమంగా ఎండుతుంది.

ఆరబెట్టడం

తీసిన గిన్నె అడుగున చెక్క పేరు, తేదీ, బరువు పెన్సిలుతో రాయాలి. మూతి అంచుకూ అడ్డకోత కనిపించే రెండు వైపులకూ మైనం పూసి, పాత దినపత్రికలు రెండు మూడు పొరలు చుట్టి, అట్టపెట్టెలో బోర్లించాలి. పెట్టెను ఫ్యాన్ గాలి, ఎండ తగలని గదిలో, నేల మీద ఉంచాలి. మిద్దె గదులు, రేకుల షెడ్లు పనికిరావు.

కాలాన్ని బట్టి ఇందులో మార్పులు చేసుకోవాలి. రోహిణి కార్తెలో ప్రకాశం జిల్లా పడమటి మండలాల వడగాడ్పు, చుట్టిన కాగితంలోంచి కూడా తేమను లాగేస్తుంది, కాబట్టి మే నెలలో గిన్నెలు ముతకగా తీయకపోవడం మంచిది. తీసినవి ఉంటే మరో రెండు పొరలు చుట్టాలి. జూలై, ఆగస్టు నెలలు ఈ పనికి అనువైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో నెల్లూరు కోస్తా గాలి తడిగా ఉంటుంది, ఆరడం దాదాపు ఆగిపోతుంది, బూజు పడుతుంది. అప్పుడు వారానికొకసారి కాగితం మార్చి, బూజును పొడి గుడ్డతో తుడిచి, పెట్టె మూత తెరిచి ఉంచాలి. మాఘం పెళ్ళికి ఆషాఢంలో మొదలుపెట్టమనడం ఈ మూడు నెలలను దృష్టిలో పెట్టుకునే.

గిన్నె ఆరిందా లేదా అన్నది చేత్తో పట్టుకుని చెప్పలేం, తూకమే చెబుతుంది. మొదటి నెలలో వారం వారం, తరువాత పదిహేను రోజులకొకసారి వంటింటి తూకం మీద పెట్టి, బరువును పాత అంకె కిందనే రాయాలి. మొదట్లో బరువు వేగంగా తగ్గి, క్రమంగా నెమ్మదిస్తుంది. వానలేని రోజుల్లో వరుసగా మూడు తూకాలకు తేడా రాకపోతే గిన్నె ఆరినట్టే. అప్పటికి అది నారకు అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు తగ్గి స్పష్టంగా కోలగా కనిపిస్తుంది. అది లోపం కాదు, అందుకోసమే మందం ఉంచాం.

నిమ్మ, బత్తాయి గిన్నెల విషయంలో ఒక మెలకువ ఉంది. ముతకగా తీసిన వెంటనే పెద్ద పాత్రలో నీళ్ళలో ముంచి గంటసేపు ఉడికించి, చల్లారాక కాగితం చుడితే చెక్కలోని బిగువు సడలి పగుళ్ళు తగ్గుతాయి. ఆ పాత్రను మళ్ళీ వంటకు వాడకూడదు. ఇంత చేసినా కొన్ని గిన్నెలు చీలుతాయి కాబట్టి, నాలుగు కానుకలు కావాలంటే ఆరు గిన్నెలు ముతకగా తీసిపెట్టుకోవాలి. అడుగులో పగులు వచ్చినదాన్ని జిగురుతో మూసి కానుకగా ఇవ్వడం ధర్మం కాదు, తినే పదార్థం ఆ పగులులో చిక్కి పాడవుతుంది.

రెండో విడత: అసలు రూపం

కోలగా మారిన గిన్నె మూతిని, ఫేస్ ప్లేటుకు బిగించిన పలక మీద బోర్లించి, టెయిల్ స్టాక్‌తో అడుగు నుంచి నొక్కి పట్టి, ముందు బొడిపెను మళ్ళీ గుండ్రం చేయాలి. తరువాత చక్‌లో బిగించి బయటి వైపు పూర్తి చేయాలి.

గిన్నె అందం చెక్క చారల్లో కంటే బయటి వంపులోనే ఎక్కువగా ఉంటుంది. అడుగు వెడల్పు మూతి వెడల్పులో మూడో వంతుకు దగ్గరగా ఉంటే గిన్నె తేలిగ్గా కనిపిస్తుంది, అయినా ఒరగదు. అడుగు నుంచి మూతి దాకా వంపు ఎక్కడా విరగకుండా, చదునైన చోటు లేకుండా పెరగాలి. లేత్ ఆపి, కళ్ళు మూసుకుని, మునివేళ్ళను అడుగు నుంచి పైకి జరిపితే కంటికి కనబడని గుబ్బలు కూడా తెలుస్తాయి. గీతలు, మెట్లు, పూసలు చెక్కాలన్న కోరిక అణచుకోవాలి. భరిణె మూతకు అవి శోభ, పళ్ళ గిన్నెకు మురికి పట్టే చోట్లు.

లోపలి వైపు ఒకేసారి మూతి నుంచి అడుగు దాకా పలుచన చేయకూడదు. ముందు మూతి నుంచి ఒక అంగుళం లోతు వరకు తుది మందం, సుమారు 7 మి.మీ., వచ్చేలా తీసి ముగించాలి. అడుగు భాగపు మందమే అప్పుడు అంచును వణకకుండా ఆపుతుంది. తరువాత మరో అంగుళం, ఆ తరువాత అడుగు. కిందికి దిగాక మళ్ళీ అంచు దగ్గరికి ఉలి తీసుకుపోకూడదు, పలుచబడిన గోడ అప్పటికే కాస్త కదిలి ఉంటుంది, ఉలి కరుచుకుంటుంది. లోతు తెలియడానికి మూతి మీద ఒక బద్ద అడ్డంగా పెట్టి, దాని నుంచి అడుగుకు స్కేలు దించి, బయటి ఎత్తుతో పోల్చుకోవాలి. బొడిపెను ఇంకా తీసేయాలన్న సంగతి మరచి లెక్కవేస్తే అడుగుకు రంధ్రం పడుతుంది. అడుగున 9 మి.మీ. మిగిల్చితే నిశ్చింత.

ప్రతి గిన్నెలోనూ నార అడ్డంగా తెగే చోట్లు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. అక్కడ చెక్క గరుకుగా లేచి కనిపిస్తే ఉప్పుకాగితంతో పోగొట్టవచ్చని అనుకోవద్దు. ఉలిని మళ్ళీ సాన పట్టి, ఆ చోట కాస్త నీళ్ళు అద్ది, గోరు మందంలో సగం కూడా లేని కోతను నెమ్మదిగా ఒక్కసారి నడపాలి. మిగిలిన చిన్న గరుకును స్క్రేపర్‌తో తీయవచ్చు. స్క్రేపర్ పిడి ఎప్పుడూ పైకి, మొన కిందికి వాలి ఉండాలి.

నునుపు, పూత

ఉప్పుకాగితాలు 120, 180, 240, 320, 400 వరుసలో వాడాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే ముందుదాని గీతలు నూనె పడ్డాక తేలతాయి. వేగం సగానికి తగ్గించి, కాగితాన్ని చెక్క మన నుంచి దూరంగా జరిగే వైపున తేలికగా ఆనించాలి. 240 అయ్యాక తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే లేచే నార 320తో పోతుంది.

తినుబండారాలు పెట్టే గిన్నెకు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, నువ్వుల నూనె రాయకూడదు. అవి చెక్కలో గట్టిపడవు, కొన్నాళ్ళకు కమురు వాసన వేస్తాయి. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ నాలుగు భాగాలు, స్వచ్ఛమైన తేనె మైనం ఒక భాగం తూచి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, చల్లారితే వెన్నలా గట్టిపడుతుంది. దాన్ని గుడ్డతో దట్టంగా పూసి, రాత్రంతా వదిలి, ఉదయం మెరుపు వచ్చేదాకా తుడవాలి. మూడు పూతలు చాలు. ఇంకా గట్టి పూత కావాలంటే అవిసె నూనె వాడవచ్చు, కానీ రంగుల దుకాణాల్లో దొరికే మరిగించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, తినే గిన్నెలకు అది వద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, కాబట్టి వాటిని ఆరుబయట పరచి ఆరనివ్వాలి, లేదా నీళ్ళలో ముంచి పారేయాలి.

కుంకుమ భరిణె సంగతి వేరు. కుంకుమ, పసుపు నార సందుల్లోకి దిగి రంగు పట్టిస్తాయి. దాని లోపలికి లక్క పూత మేలు. భరిణె తిరుగుతుండగా లక్క కణికను ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, దాన్ని ఏటికొప్పాక కళాకారులు చేసినట్టు మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. అయితే లక్కకు వేడి పడదు.

అడుగు పూర్తి చేయడం

చివరిగా గిన్నెను మళ్ళీ పలక మీద బోర్లించాలి. అంచు నలగకుండా మధ్యలో రబ్బరు షీటు పెట్టి, టెయిల్ స్టాక్ ఆసరాతో బొడిపెను తీసేయాలి. అడుగు మధ్యభాగం అంచుకంటే రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి, అప్పుడే గిన్నె బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. టెయిల్ స్టాక్ మొన దగ్గర మిగిలిన చిన్న ముక్కను లేత్ ఆపి ఉలితో కోసి, చేత్తోనే నునుపు చేయాలి. అక్కడ వేడి సూదితో చెక్క పేరు, ఊరు, సంవత్సరం కాల్చి రాస్తే ఆ కానుక ఏ చెట్టుదో పుచ్చుకున్నవారికి ఎప్పటికీ తెలుస్తుంది.

ఇచ్చేటప్పుడు

గిన్నెతో పాటు ఉదయగిరి చెక్క చెంచాలు రెండు కలిపి ఇవ్వడం నేను గట్టిగా సూచిస్తాను. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చెంచాలను అక్కడి కుటుంబాలు, ముఖ్యంగా మహిళలు, చేతి పనిముట్లతో చెక్కుతారు. మన జిల్లాల చెక్కతో ఇక్కడి చేతులు చేసిన రెండు వస్తువులు ఒకే పెట్టెలో చేరతాయి.

పెట్టెలో ఒక చీటీ కూడా ఉండాలి. వేడి సాంబారు, రసం ఇందులో పోయవద్దని, నానబెట్టవద్దని, ఎండలో ఆరబెట్టవద్దని, తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డతో తుడవాలని అందులో స్పష్టంగా రాయాలి. పూతకు వాడిన మైనం మిశ్రమాన్ని చిన్న సీసాలో పోసి జతచేసి, గిన్నె పొడిబారి వెలిసినట్టు కనిపించినప్పుడల్లా, మామూలు వాడకంలో రెండు మూడు నెలలకొకసారి, కాస్త తీసి రాసి రాత్రంతా ఉంచి ఉదయం తుడవాలని చెప్పాలి.